ఇరవై మందికి ఒక బండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇరవై మంది వున్న సంసారాన్ని బండెక్కించి చూడు అని మూడో మాట కూడా చేర్చి వుండవలసింది. మొదటి రెండూ జన్మకి ఒకటి రెండుసార్లు వచ్చే పనులు. ఈ మూడోది మాత్రం ఏటా వచ్చి కూర్చుంటుంది - తిరునాళ్ళనో, పుష్కరాలనో, మేనకోడలి పెళ్ళనో.

ఈ మధ్య మోటారు ఇళ్ళ సంగతి తరచుగా వింటున్నాం. పెద్ద వ్యాను లోపల పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, చివర్న ఒక బుల్లి మరుగుదొడ్డి. సినిమా తారలు షూటింగుల మధ్య సేదదీరే ‘క్యారవాన్’గా అది మనకి తెలుసు. ఇప్పుడు సంసారులు కూడా అద్దెకి తీసుకుని దేశం తిరగవచ్చునట. మంచిదే. కానీ ఏ ఇంట్లో ఈ ప్రస్తావన వచ్చినా మొగవాళ్ళు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని సీట్లు? లీటరుకి ఎన్ని కిలోమీటర్లు? ఈ రెండు ప్రశ్నలూ మన తాతల నాటివే. అప్పుడు ఇంజన్ల బదులు ఎద్దులుండేవి, అంతే తేడా.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో చక్రాల మీద సంసారం కొత్త విద్య కాదు. మా నాయనమ్మ కాపురానికి వచ్చిన నాటికి మా ఇంట్లో రెండు బండ్లుండేవట. పేరుకి రెండే గానీ ఒక్కోదానికి రెండేసి జన్మలు. పంట రోజుల్లో పత్తి బోరాలు, మిరప టిక్కీలు మోసేవి. శివరాత్రి దగ్గర పడగానే వెదురు బద్దలు వంచి, పైన చాపలు కప్పి గూడు కట్టేవారు. లోపల గడ్డి మందంగా పరిచి, బొంతలు వేస్తే అదే పరుపు, అదే సోఫా. బండిని ఎంత కడిగి ఎండబెట్టినా మిరప ఘాటు చెక్కల్లోంచి పోయేది కాదట. ఊరి పొలిమేర దాటేలోగా పిల్లలందరూ వరసపెట్టి తుమ్మేవారని చెప్పి నాయనమ్మ నవ్వేది.

వాళ్ళ ప్రయాణం నరసరావుపేట పక్కనున్న కోటప్పకొండకి. 2022 నుంచి ఆ కొండ పల్నాడు జిల్లా కిందికి వచ్చింది గానీ, పాతవాళ్ళకి అది ఇప్పటికీ గుంటూరు జిల్లా కొండే. త్రికోటేశ్వరుడి తిరునాళ్ళ శివరాత్రికి రావడం బండ్లవాళ్ళ అదృష్టమనే చెప్పాలి. నల్లరేగడి వానకి తడిసిందంటే చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. మాఘమాసం నాటికి నేల ఆరి గట్టిపడుతుంది. పైగా పంట డబ్బు చేతిలో ఆడే రోజులు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆకాశాన్నంటే ప్రభలు కట్టుకుని ఒక పక్క నుంచి, సంసారాలన్నీ గూడుబండ్లు కట్టుకుని ఇంకో పక్క నుంచి కదిలేవి.

బండి ఎంపికలో మొగవాళ్ళ చూపంతా ఎద్దుల మీదే. అదీ న్యాయమే. ఒంగోలు గిత్తలంటే మాటలా! ఈ జాతి పశువులు పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ దాకా వెళ్ళాయి. ఒంగోలు ప్రాంతం 1904 దాకా నెల్లూరు జిల్లాలో వుండేది కనుక అక్కడ వాటికి ‘నెలోర్’ అనే పేరు స్థిరపడిపోయింది. ఇక్కడ ప్రయాణానికి వారం ముందు నుంచీ వాటికి ఉడికించిన ఉలవలు, నానేసి రుబ్బిన పత్తిగింజలు పెట్టేవారు. మెడకి మువ్వల పట్టెడలు, ఇరుసుకి కొత్త కందెన. ఇంతటితో బండి సిద్ధమైనట్టే లెక్క.

నాయనమ్మ లెక్క అక్కడ మొదలయ్యేది. ఆవిడ చూపు బండి మీద కంటే బండి కింద ఎక్కువ. రాత్రి మజిలీలో ఇరుసు కింద ఎంతమంది పిల్లలు పడుకోగలరు? లాంతరు ఎక్కడ వేలాడదియ్యాలి? మరచెంబులెన్ని, వాటి మూతలు బిగుస్తున్నాయా? మూడు రాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి గానీ కట్టెలు దొరుకుతాయా? బాలింతకి బండి ముందు భాగమా, వెనకా? వెనక్కి తెర వుందా? పులిహోర మొదటి పూటకి, దద్దోజనం రెండో పూటకి, జంతికలూ సున్నుండలూ ఎప్పుడు ఎవరు ఏడిస్తే అప్పటికి. ఈ లెక్కంతా ఎక్కడా రాసి పెట్టి వుండేది కాదు. ఆవిడ తలలోనే.

బండ్లు నాలుగో జామున కదిలేవి. ఎండ ముదరకముందే సగం దారి పోవాలని మొగవాళ్ళు చెప్పే కారణం. ఆడవాళ్ళకి తెలిసిన కారణం వేరే వుంది. పత్తి, మిరప ఎంత ఏపుగా పెరిగినా మనిషిని దాచేటంత ఎత్తు కావు. తెల్లవారిందంటే ఆ మైదానంలో ఆడదానికి చాటు లేదు. మళ్ళీ చీకటి పడేదాకా ఓర్చుకోవలసిందే. అందుకని ప్రయాణం రోజున మా నాయనమ్మ మంచినీళ్ళు ముట్టేది కాదు. అందరికీ మరచెంబు అందించేది, తను మాత్రం పెదవులు తడుపుకునేది. దానికి ఉపవాసమని పేరు పెట్టుకోవడానికి శివరాత్రి చక్కగా అక్కరకొచ్చేది.

సరే, ఇది రైతుల ఇళ్ళ సంగతి. కలిగినవాళ్ళు ఎలా ప్రయాణం చేశారు? దీనికి మన తెలుగులో గొప్ప సాక్ష్యం వుంది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా వున్న ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న కాశీకి బయలుదేరారు. కుటుంబం, పరివారం అంతా కలిపి సుమారు నూరుమంది. మేనాలు, బోయీలు, డేరాలు. కడప మీదుగా శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, కాశీ, గయ, కలకత్తా చూసుకుని, తిరుగు దారిలో తూర్పు తీరం వెంబడి దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆయన దినచర్య 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఏ మజిలీలో నీళ్ళెలా వున్నాయో, అంగళ్ళలో ఏం దొరుకుతాయో, దారి గులకా బురదా అన్నీ పూసగుచ్చినట్టు రాశారాయన. పదిమందికి వండి పెట్టే ఇల్లాలు చదివితే మెచ్చుకోవలసిన పుస్తకం. కాకపోతే అది యజమాని రాసిన పుస్తకం. ఆ పరివారంలో నడిచిన ఆడవాళ్ళ నోటిమాట మనదాకా రాలేదు.

ఆ తర్వాత బండికి పోటీగా పడవ వచ్చింది. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఉప్పునీటి కాలువ అంచెలంచెలుగా ఉత్తరానికి సాగి, 1876-78 నాటి కరువులో కూలిజనానికి పని చూపించడానికి మరింత తవ్వగా, 1878లో అప్పటి గవర్నరు పేరు మీద బకింగ్‌హామ్ కాలువ అయింది. పెదగంజాం దగ్గర అది కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. అటునుంచి దుగ్గిరాల లాకుల మీదుగా కృష్ణ దాకా నీటిదారే. గాలి వుంటే తెరచాప, లేకపోతే గట్టున మనుషులు తాడు పట్టి లాగడం. కుదుపు లేదు, దుమ్ము లేదు, ఎద్దులకి మేత వెతుక్కునే బెంగ లేదు. పసిపిల్లల తల్లికి ఇంతకంటే సుఖమైన ప్రయాణం లేదనే చెప్పాలి. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు దిగి కాళ్ళు చాపుకోవచ్చు. కానీ ఎక్కడ, ఎంతసేపు ఆగాలో తేల్చేది పడవవాడు.

1899 నాటికి బెజవాడ నుంచి ఒంగోలు మీదుగా మద్రాసుకి రైలు మార్గం పూర్తయింది. రోజుల ప్రయాణం గంటల్లోకి వచ్చింది. అయితే మన దేశంలో కింది తరగతి పెట్టెల్లో చాలాకాలం మరుగుదొడ్డి వుండేది కాదు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ఆయన, స్టేషన్లో పని మీద దిగితే తనని వదిలేసి రైలు కదిలిపోయిందని కోపంగా రాసిన ఉత్తరం చాలా ప్రసిద్ధం. ఢిల్లీ రైల్వే మ్యూజియంలో దాన్ని చూసి ఇప్పటికీ జనం నవ్వుకుంటారు. ఆ ఉత్తరం వల్లే పెట్టెల్లో ఆ సౌకర్యం వచ్చిందని చెప్పుకుంటారు కూడా. మగవాడు గనక ఉత్తరం రాశాడు. ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు.

ఇంతలో పల్లెల్లోకి ట్రాక్టరు వచ్చింది. పెళ్ళివారికి, తిరునాళ్ళ జనానికి ట్రక్కు మీద టార్పాలిను కప్పి, కింద గడ్డి పరిచేవారు. పాతికమంది సులువుగా పట్టేవారు. సీట్ల లెక్క చూసేవాళ్ళకి పండగే. కానీ దాన్ని చేసింది సరుకుకోసం, మనుషుల కోసం కాదు. పట్టుకోవడానికి కమ్మీ వుండదు, కాళ్ళు చాపడానికి చోటుండదు, పక్క తలుపు వూడితే దిక్కుండదు. గూడుబండిలో కనీసం తెర వుండేది. ట్రక్కులో అదీ పోయింది.

తెలుగువాళ్ళు కళ్ళారా చూసిన మొట్టమొదటి మోటారు ఇల్లు ఏదంటే నాకు 1982 గుర్తొస్తుంది. ఆ ఏడాది మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యానుని మార్పించి, ‘చైతన్య రథం’ అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరిగారు. కొడుకు హరికృష్ణ సారథి. పైన నిలబడి ఉపన్యాసం, లోపల నిద్ర, తెల్లవారితే రోడ్డు పక్కనే స్నానం. ఆ స్నానాన్ని చూడటానికి కూడా జనం మూగేవారు, పత్రికలు ఫోటోలు వేసేవి. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయాల మాట అలా వుంచండి. నాకు తోచే సంగతి ఒకటే. రోడ్డు పక్కన మగవాడు స్నానం చేస్తే చరిత్ర అవుతుంది. అదే రోడ్డున వెళ్ళే ఆడదానికి ఒక గుడ్డ తెర అవసరమవుతుంది.

తెల్లవాళ్ళ కథ కూడా ఇంచుమించు ఇదే. 1885లో గార్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడు సరదా ప్రయాణం కోసమని రెండు గుర్రాలు లాగే ఒక చెక్క ఇల్లు చేయించుకుని, ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా వెళ్ళాడు. విహారానికి చేయించిన మొదటి క్యారవాన్ అదేనంటారు. ఆయన వెంట ఒక బండివాడు, ఒక నౌకరు, ఒక కుక్క. ఇరవై మంది కాదు సరికదా, నలుగురు కూడా లేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లలో పడకా పొయ్యీ అమర్చి అమ్మినప్పుడు అవి చిన్న కుటుంబాల కోసం. మన పక్కనే కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ యాత్రల పథకం ప్రకటించింది. అందులోని బండ్లూ ఇద్దరికో, నలుగురికో. అంటే మోటారు ఇల్లు పుట్టుకతోనే చిన్న సంసారానికి కొలత తీసి కుట్టిన చొక్కా. దాన్ని మన ఉమ్మడి కుటుంబానికి తొడగబోతే చినుగుతుంది.

కనుక బండి చూడబోయేటప్పుడు సీట్లు కాదు, పడకలు లెక్కపెట్టండి. పగలు పదిమంది కూర్చునే బండిలో రాత్రి నలుగురే పడుకోగలరు. ట్యాంకులో నీళ్ళు ఎంతమందికి, ఎన్ని పూటలకి వస్తాయో అడగండి. మరుగుదొడ్డి తొట్టి నిండితే ఎక్కడ ఖాళీ చేస్తారో, ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. లేకపోతే ఆ పని ఎవరి మెడకి చుట్టుకుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పొయ్యి వుందని మురిసిపోకండి. పొయ్యి వున్న చోటికల్లా వంటమనిషి కూడా వెళ్ళాలి. నలుగురూ కొండా కోనా చూస్తుంటే ఒకావిడ ఆ మూల పోపు వేస్తూ కూర్చోవడానికి ఇల్లే చాలును, దానికి చక్రాలు దేనికి?

మరి ఇరవై మంది ఎలా వెళ్ళాలి? జవాబు క్యారవాన్ అనే మాటలోనే వుంది. అది పారశీకం నుంచి వచ్చిన మాట. మొదట్లో దానికి బండి అని అర్థం లేదు. కలిసి ప్రయాణం చేసే గుంపు అని అర్థం. మన తెలుగులో బిడారు. కోస్తా ఉప్పుని ఎద్దుల మీద వేసుకుని దక్కను వైపు నడిచిన లంబాడీల బిడారులు ఇలాంటివే. పిల్లాపాపా, ముసలీముతకా అందరూ కలిసే వెళ్ళేవారు. మా నాయనమ్మ వాళ్ళు కూడా ఒక్క బండిలో ఏనాడూ కుక్కుకోలేదు. మా రెండు బండ్లు, పెదతాతగారి బండి, పక్కింటివారి బండి కలిసి బారుగా సాగేవి.

మనమూ అలాగే వెళ్ళవచ్చు. మామూలు వ్యాన్లు రెండు, వాటికి తోడు పడకా మరుగుదొడ్డీ వున్న చిన్న బండి ఒకటి. ఆ చిన్న బండి పెద్దవాళ్ళకి, బాలింతకి, ఎదిగిన ఆడపిల్లలకి. పోపుల పెట్టె ఇంట్లో వదిలేసి దారిలో హోటళ్ళ మీద పడండి. బేరం ఖాయం చేసే ముందు మాత్రం ఇంట్లో పెద్దావిణ్ణి పిలిచి ఆ బండి చూపించండి. దారిలో కడుపునిండా మంచినీళ్ళు తాగుతావా అమ్మా అని అడగండి. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తాగుతానంటే, ఆ బండికి డబ్బు కట్టెయ్యండి.