మధిర సీమలో మరణశోకం: నిద్ర నుంచి ఆలన దాకా

వైరా నది ఒడ్డున ఉన్న మధిర, నిజాం పాలనలో వరంగల్ జిల్లాలోని తాలూకాగా ఉండి, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి విడివడి అదే జిల్లాలో కలవడంతో, మెట్ట, మాగాణి గ్రామాల మరణాచారాలూ అడవిపల్లెల కోయల ఆచారాలూ ఒకే పాలనా పరిధిలోకి వచ్చాయి.

మధిర వైపు పల్లెల్లో దుఃఖానికి ఒక కాలక్రమం ఉండేది. చావుకబురు అందగానే పనులు ఆపి జనం కదలడం, మూడో రోజున చిన్నదినం, పది, పదకొండు రోజులకు పెద్దకర్మ, ఏడాదికి సంవత్సరీకం జరపడం ఆనవాయితీ. వీటన్నిటికన్నా లోతైనది నిద్ర: కర్మ ముగిశాక దగ్గరి బంధువులు ఆ ఇంటివారిని తమ ఇంటికి తీసుకుపోయి, భోజనం పెట్టి, ఒక రాత్రి అక్కడే పడుకోబెట్టే ఆచారం. శోకంలో ఉన్నవారిని ఒంటరిగా వదలకూడదన్న ఎరుక ఏ శాస్త్రమూ నేర్పకముందే ఇక్కడ ఆచరణలో ఉంది. అడవిపల్లెల తంతు వేరు: గోదావరి తీరంలో, 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్, కోయలు దహనవేళ ఆవునో ఎద్దునో వధించి దాని తోకను మృతుని చేతిలో ఉంచేవారని నమోదు చేశాడు.

అయితే బంధువుల ఈ ఆదరణ అంతా చావు తరువాతిది. నయం కాని జబ్బుతో మంచాన ఉన్న మనిషికి నిజం చెప్పకుండా దాచడమే ప్రేమగా చెలామణీ అయింది. ఆ మౌనంలో భార్యాభర్తలు ఒకే గదిలో ఉండీ తమ భయాన్ని పంచుకోలేకపోయేవారు. ఇక భర్త పోయిన స్త్రీకి బొట్టు, గాజులు తీసే తంతు, ఓదార్పు కావలసిన పూటనే అందరి ఎదుట ఆమెను మరింత గాయపరిచింది. దాన్ని ఆచారమని సమర్థించడం తగదు.

చావుకు ముందటి దుఃఖాన్ని వైద్యం తన బాధ్యతగా గుర్తించడం ఇటీవలి సంగతి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్, శరీరం, మనసు, కుటుంబం, విశ్వాసం నాలుగూ కలిసిన వేదనను ‘సంపూర్ణ బాధ’ అన్నారు. హాస్పిస్ అంటే రోగాన్ని కాక రోగిని ఆదుకునే అంత్యకాల సంరక్షణాలయం. భారతదేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదన సదన్, 1993లో కోళిక్కోడ్‌లో పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన సంరక్షణ, సంస్థ మొదలయ్యాయి. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పెరిగిన అనుమతుల చిక్కుల వల్ల నొప్పి తగ్గించే మార్ఫిన్ ఆసుపత్రులకు అందడం కష్టమైంది. 2014 సవరణ ఆ చిక్కులను కొంత సడలించింది. నొప్పితో మెలికలు తిరుగుతున్నవారికి ఏ మాటా వినబడదు కనుక, కౌన్సెలింగ్ చరిత్రలో ఈ మందు చరిత్ర విడదీయరాని భాగం.

హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో వేళ్లూనిన ఈ సేవ, తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వ కార్యక్రమంగా మారి ఖమ్మంతో సహా జిల్లాలకు విస్తరించింది. ‘ఆలన’ పేరుగల వాహనాల్లో బృందాలు రోగి ఇంటికే వెళ్తాయి. బృందంలోని సలహాదారు, అంటే కౌన్సెలర్, చేసే పని ఉపదేశం కాదు: రోగికి ఎంత తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుకుంటున్నాడో మొదట వినడం, భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి పిల్లల చదువు, అప్పు, పొలం, చివరి రోజులు ఇంట్లోనా ఆసుపత్రిలోనా అన్న విషయాలను మాట్లాడనివ్వడం. నిద్రలు కూడా పూర్తయి బంధువులు వెళ్లిపోయాక మిగిలినవారి శోకం తరచు ముదురుతుంది కాబట్టి, ఆ నెలల్లో మళ్లీ ఆ గడప తొక్కడాన్ని కూడా పాలియేటివ్ వైద్యం తన విధిలో భాగంగానే లెక్కిస్తుంది.