హరికేన్ తర్వాత తీర పునరుద్ధరణ: భారీ యంత్రాల శుభ్రత

హరికేన్ కోసుకుపోయిన తీరాన్ని తిరిగి ఇసుకతో పూడ్చే బుల్‌డోజర్లు, లోడర్లు, టిప్పర్లు, మనవాళ్లు ప్రొక్లెయినర్లని పిలిచే ఎక్స్‌కవేటర్లకు అంటిన ఉప్పు, ఇసుక, చమురు, మొక్కల ముక్కలను వదిలించే పని ఇది. దీన్ని యంత్రం యజమాని సొంత గొడవగా, మరమ్మతు పద్దుగా చూడటం అలవాటు. అది సగం నిజమే. యంత్రం తీరానికి ఏం మోసుకొస్తోంది, అక్కణ్నుంచి ఏం మోసుకుపోతోంది అన్నది గమనిస్తే, కడగడం పునరుద్ధరణలోనే ఒక భాగమని తేలుతుంది. 2012 అక్టోబరు 29న అమెరికాలోని న్యూజెర్సీ వద్ద తీరం దాటిన శాండీ తుపాను ఇందుకు తగిన ఉదాహరణ. మాంటోలోకింగ్ దగ్గర సముద్రం అక్కడి సన్నని ఇసుక మేటను రోడ్డుతో సహా తెగ్గోసింది. తీర పట్టణాల వీధుల్లోకి కొట్టుకొచ్చిన ఇసుకను ఎత్తి, జల్లించి, చాలాచోట్ల మళ్లీ బీచ్‌కే చేర్చారు. ఆ వీధుల్లో మేకులు, గాజు పెంకులతోపాటు, ఇళ్లను వెచ్చబరిచే చమురు ట్యాంకుల నుంచి ఒలికిన నూనె కూడా ఉంది. ఇసుకను జల్లెడపట్టి, దాన్ని ఎత్తిన బకెట్టును జిడ్డుతో వదిలేస్తే పట్టిన జల్లెడ వృథా.

ఇక ఉప్పు సంగతి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీళ్లు ఆరిపోతే తుప్పు ఆగిపోతుందనుకోవడం పొరపాటు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే నీరు పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. అంటే, తీరంలో రాత్రంతా నిలిపి ఉంచిన యంత్రం పైకి పొడిగా కనిపించినా, ఇనుముపై పలుచటి ఉప్పునీటి పొర పని చేస్తూనే ఉంటుంది. చైనుల్లో ఇరుక్కున్న ఇసుకది మరో రకం నష్టం. అది గట్టిపడితే చైను బిగుసుకుంటుంది, పళ్ల చక్రంతో సరిగా కలవదు, రోలర్లు తిరగక ఒకవైపే అరుగుతాయి. చైను బండి నిర్వహణ ఖర్చులో దాదాపు సగం ఈ అడుగుభాగానికే పోతుందని యంత్రాల వాళ్లు లెక్క కడతారు.

రేపు మళ్లీ ఉప్పునీళ్లలోకే దిగే బండిని ఈ రోజు కడగడం దేనికన్నది మొదటి అభ్యంతరం. తుప్పు గంటల లెక్కన సాగేది కాబట్టి, పని లేని ఆ రాత్రి గంటలను తప్పించినా లాభమే. పైగా తడిగా ఉన్నప్పుడు పారతో రాలే ఇసుక, ఆరాక గునపానికి కూడా లొంగదు. రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది: తుపాను తర్వాత జనానికే మంచినీళ్లు కరువైనచోట యంత్రాలకు ట్యాంకర్లా? ముందు పార, బ్రష్షు వాడి, తర్వాత తేర్చిన పాత నీటితో కడిగి, చివరి తడుపుకు మాత్రమే మంచినీళ్లు వాడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. తిరిగి వాడే నీటిలో ప్రతిసారీ ఉప్పు పెరుగుతుంది గనుక ఆ చివరి తడుపును మాత్రం వదులుకోకూడదు. అధిక పీడనంతో కొడితే యంత్రమే పాడవుతుందనే వాదనా ఉంది. నాజిల్‌ను ఆయిల్ సీళ్ల మీద, వైర్ల కలయికల మీద గురిపెడితే నిజంగానే ఉప్పునీరు బేరింగుల్లోకి దూరుతుంది, రేడియేటర్ రేకులు వంగుతాయి. అది కడిగే పద్ధతిలోని తప్పు. అలాంటిచోట్ల ధార తగ్గించాలి, కడిగాక పిన్నులకు కొత్త గ్రీజు ఎక్కించి లోపలి తడిని బయటికి నెట్టాలి.

కడిగిన నీళ్లు వాననీటి కాలువలోకి పోతే జిడ్డంతా మళ్లీ సముద్రానికే చేరుతుంది. కాబట్టి కడిగే చోటు అలలకు దూరంగా, గట్టి నేల మీద, నూనెను వేరుచేసే తొట్టితో ఉండాలి. ఇక మొక్కల ముక్కల సంగతి. పరాయి మొక్క ముప్పును అమెరికాలోని కరోలినా తీరాలు చవిచూశాయి. 1989 నాటి హ్యూగో హరికేన్ తర్వాత ఇసుక దిబ్బలను నిలబెట్టడానికి మన వావిలికి దగ్గరి చుట్టమైన ఒక ఆసియా తీగను అక్కడ నాటారు. అది స్థానిక గడ్డిని కమ్మేసి కలుపుగా మారింది. దాని కాడ ముక్క తెగిపడినా వేళ్లు తొడుగుతుంది. ఇలాంటి మొక్క ఉన్న తీరం నుంచి బండి బయల్దేరేటప్పుడు చైనులు, బకెట్టు మూలలు నిశితంగా చూసి కాడలన్నీ తీసేయాలి. కొత్త తీరంలో దించాక తీద్దామంటే, ట్రైలరు దిగేటప్పుడు రాలిన ముక్క అప్పటికే ఇసుకలో ఉంటుంది.