విరిగిన పాలు, కాలిన తీపి: ఛెనాపోడ చరిత్ర

విశాఖపట్నం వాసులకు దసపల్లా అన్న పేరు చిరపరిచితం. నగరంలో ఒక కొండకే ఆ పేరుంది. ఒడిశాలోని ఒక చిన్న సంస్థానపు రాజకుటుంబంతో ఏర్పడిన సంబంధం వల్ల వచ్చిన పేరది. అసలు దసపల్లా మహానదికి దక్షిణాన, కొండల మధ్య, దట్టమైన అడవుల అంచున ఉన్న ఊరు. 1948లో ఆ సంస్థానం ఒరిస్సాలో విలీనమైంది. 1993లో నయాగఢ్ జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగమైంది. పూరీ జగన్నాథుని రథాల నిర్మాణానికి ఏటా కావలసిన కలప సంప్రదాయానుసారం ఈ ప్రాంతపు అడవుల నుంచే తరలిపోతుంది. శ్రీరామనవమి సందర్భంగా ఇక్కడ జరిగే లంకాపోడి యాత్ర, అంటే లంకాదహనోత్సవం, ఒడిశా అంతటా ప్రసిద్ధం. ఈ రెండింటితో పాటు దసపల్లాకు మరొక కీర్తి ఉంది. ఒడియావారి విందులలో నేడు తప్పనిసరిగా కనిపించే ఛెనాపోడ అనే తీపి వంటకానికి పుట్టినిల్లుగా ఈ ఊరినే చెబుతారు.

ఒడియాలో ఛెనా అంటే పాలను విరిచి, నీరు వడగట్టగా మిగిలిన ముద్ద. పోడ అంటే కాలినది. తెలుగువారి వంటింట్లో ఈ రెండు మాటలూ అపజయానికి గుర్తులే. గృహప్రవేశం నాడు పాలు పొంగితే శుభమని మురిసిపోతాం; అవే పాలు విరిగితే ఇల్లాలి ముఖం చిన్నబోతుంది. అడుగంటి మాడిన వంటకాన్ని విస్తట్లో వడ్డించడానికి సంకోచిస్తాం. మనకు ప్రీతిపాత్రమైన జున్ను సైతం విరిచిన పాలతో చేసేది కాదు; ఈనిన పశువు తొలి పాలు వేడికి తమంతట తామే గట్టిపడగా తయారయ్యేది. అటువంటిది, విరిగిన దానిని కాల్చి, ఆ రెండు మాటలనే పేరుగా పెట్టి, పెళ్ళిపందిరి దాకా తీసుకువెళ్ళిన వంటకం మన పొరుగునే ఉండడం ఆసక్తికరం.

పాలను విరచడం గురించిన వివాదం

ఛెనా చరిత్ర గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. భారతీయ ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య 1994లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో ఒక వాదాన్ని ముందుకు తెచ్చారు. ఆవుపాలను పుల్లని పదార్థంతో విరచడంపై ఆర్య సంప్రదాయంలో ఒక విముఖత ఉండేదనీ, తూర్పు భారతంలో అది సడలడానికి పోర్చుగీసువారి సాంగత్యం తోడ్పడి ఉంటుందనీ ఆ వాదపు సారాంశం. పోర్చుగీసులు 16వ శతాబ్దంలో హుగ్లీ తీరాన స్థిరపడ్డారు. 1632లో షాజహాను సైన్యం వారి స్థావరాన్ని పట్టుకున్నది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు వంగదేశాన్ని చూసిన ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్, అక్కడి మిఠాయిలు పేరుపొందినవనీ, ముఖ్యంగా పోర్చుగీసువారు నివసించే చోట్ల అవి ప్రసిద్ధమనీ రాశాడు.

అయితే ఈ వాదాన్ని యథాతథంగా స్వీకరించడానికి ఒక అడ్డంకి ఉంది. అది మన దక్కను నుంచే లభిస్తుంది. కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధంలో మానసోల్లాసాన్ని సంతరించాడు. నేటి తెలంగాణలోని అనేక ప్రాంతాలు కూడా ఆ వంశపు ఏలుబడిలో ఉన్నవే. ఆ సంస్కృత గ్రంథంలోని అన్నభోగ ప్రకరణం కాచిన పాలను పులుపుతో విరిచి, గుడ్డలో వడగట్టి, ఆ ముద్దకు బియ్యపు పిండి కలిపి వేయించి తీపి చేసే విధానాన్ని వివరిస్తుంది. పోర్చుగీసులు ఈ తీరాలకు రావడానికి మూడు వందల ఏండ్లకు పైబడిన ముందే రాజుగారి వంటశాలలో ఈ విద్య ఉన్నదన్నమాట. రాజు భుజించే వంటకం వేరు, అంగడిలో అందరికీ దొరికే వంటకం వేరు. విద్య పాతదే అయినా దానికి విస్తృతమైన అంగడి తరువాతి కాలంలో తూర్పు తీరాన ఏర్పడిందనుకుంటే ఈ రెండు సాక్ష్యాలకూ వైరుధ్యం ఉండదు.

దసపల్లా పొయ్యి

ఛెనాపోడ కథ ఇంత ప్రాచీనమైనది కాదు. దసపల్లాలో సుదర్శన్ సాహు అనే మిఠాయి వర్తకుడు 20వ శతాబ్దంలో దీనికి ఆద్యుడని ప్రతీతి. ఒకనాటి రాత్రి దుకాణం కట్టేసే వేళ మిగిలిపోయిన ఛెనాకు చక్కెర, సుగంధ ద్రవ్యాలు కలిపి, ఇంకా వేడి ఆరని పొయ్యిలో ఉంచి వెళ్ళాడట. తెల్లవారి వచ్చి చూస్తే, పైన ఎర్రగా కాలి, లోపల మెత్తగా ఉన్న కమ్మని తీపి సిద్ధమై ఉన్నదట. 2022 నుంచి ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ఛెనాపోడ దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇటువంటి కథలలో యాదృచ్ఛికతకు పెద్దపీట వేయడం లోకరీతి. అయితే పొయ్యిలో మిగిలిన వేడిని నమ్మి ఒక పాత్రను రాత్రంతా వదిలివెళ్ళే అలవాటు ఒడియా ఇండ్లలో అప్పటికే ఉంది. జ్యేష్ఠ, ఆషాఢాల సంధిలో వచ్చే రజ పండుగకు అక్కడి గృహిణులు పోడపిఠా చేస్తారు. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండికి బెల్లం, కొబ్బరి చేర్చి, ఆకులలో పొదిగి, కిందా పైనా నిప్పులు ఉంచి తాపీగా కాల్చే రొట్టె అది. గుండిచా మందిరం నుంచి తిరుగు ప్రయాణంలో జగన్నాథుని రథం మౌసీ మా గుడి వద్ద ఆగినప్పుడు నివేదించేది కూడా పోడపిఠాయే. సుదర్శన్ సాహు చేసిన పని పిండి స్థానంలో ఛెనాను ఉంచడం. చూడడానికి చిన్న మార్పే. కాని ఇంటి ఆడవారి విద్య, అంగడి మిఠాయివాని సరుకు కలిసిన చోట అది జరిగింది. కథ చెప్పేవారు సాహు పేరును గుర్తుంచుకున్నారు. నిప్పుల వేడిని తరతరాలుగా అంచనా కట్టిన ఆ గృహిణుల పేర్లు ఎక్కడా లేవు.

తయారీ, ప్రయాణం

ఈ వంటకానికి సామగ్రి స్వల్పం. రెండు లీటర్ల పాలు కాచి, నిమ్మరసంతో విరిచి, పలుచని గుడ్డలో వడగడితే దాదాపు మూడున్నర వందల గ్రాముల ఛెనా వస్తుంది. నీరు పూర్తిగా పిండివేయకూడదు. కొంత చెమ్మ మిగలాలి. దానిని అరచేతితో మెత్తగా మెదిపి, నూరు నూటయాభై గ్రాముల చక్కెర, రెండు చెంచాల బొంబాయి రవ్వ, కాస్త నెయ్యి, యాలకుల పొడి, జీడిపప్పు, ఎండుద్రాక్ష కలుపుతారు. దసపల్లా పద్ధతిలో పాత్ర లోపల సాలవృక్షపు ఆకులు పరిచి, ఈ ముద్దను నింపి, పైన కూడా ఆకులు కప్పి, కిందా మీదా నిప్పులతో కొన్ని గంటలు కాలుస్తారు. చక్కెర, పాలలోని మాంసకృత్తులు వేడికి మారి పైపొర ముదురు గోధుమరంగు దాలుస్తుంది. ఆకు తన వాసనను ఇస్తుంది. నగరాలలోని ఇండ్లలో ఇదే ముద్దను నెయ్యి రాసిన గిన్నెలో పెట్టి, విద్యుత్ ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద ముప్పాతిక గంట నుంచి గంట వరకు ఉంచితే చాలు. కొత్తగా వంట నేర్చినవారు సైతం తడబడకుండా చేయగలిగినది.

ఇది విందులకు చేరడానికి ఒక భౌతిక కారణం కూడా ఉంది. రసగుల్లాకు పాకం కావాలి, పాకానికి కుండ కావాలి. దారిలో ఒలకకుండా చూసుకోవాలి. ఛెనాపోడకు ఆ బాధ లేదు. చల్లారాక గట్టిపడుతుంది, ముక్కలుగా కోయవచ్చు, ఆకులో చుట్టి బస్సులోనో రైలులోనో తీసుకువెళ్ళవచ్చు. వియ్యాలవారింటికి, పుట్టినరోజు వేడుకకు, కార్యాలయంలో జరిగే వీడ్కోలు సభకు చేతిలో ఒక పొట్లంతో వెళ్ళేవారికి ఇంతకంటె అనువైనది అరుదు. రాష్ట్ర పాడి సహకార సమాఖ్య కూడా దీనిని తయారుచేసి విక్రయించడంతో దసపల్లా చూడనివారికి కూడా ఇది సులభంగా అందింది. 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలో, ముఖ్యంగా బ్రహ్మపురంలో తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటగానే కనిపించే మిఠాయి దుకాణాల ద్వారా ఈ రుచి మన శ్రీకాకుళం జిల్లావారికి కూడా అలవడింది.

ప్రాచీనత అవసరమా?

ఇటీవలి కాలంలో ఆహారపదార్థాల పుట్టుక రాష్ట్రాల ప్రతిష్ఠకు సంబంధించిన విషయమైంది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద 2017లో బెంగాల్ రసగుల్లాకూ, 2019లో ఒడిశా రసగోలాకూ వేరువేరుగా గుర్తింపు లభించింది. ఒకరు 1868 నాటి కలకత్తా మిఠాయి వర్తకుడు నవీన్‌చంద్ర దాస్‌ను, మరొకరు జగన్నాథుని నీలాద్రి బిజే ఉత్సవాన్ని సాక్ష్యంగా నిలిపారు. ఈ వాతావరణంలో ఛెనాపోడ కూడా స్వామికి అనాదిగా ఇష్టమైనదని చెప్పడం వినిపిస్తున్నది. భక్తుల మాటగా అది మన్నించదగినదే. చరిత్రగా మాత్రం జాగ్రత్త అవసరం. పోడపిఠాకు ఉన్న ఆలయ సంబంధాన్ని ఛెనాపోడకు బదలాయిస్తే వంటకానికి వయస్సు పెరుగుతుంది. కాని దసపల్లా మిఠాయివాని పొయ్యి, అతని శ్రమ, అతనికి తెలియకుండానే విద్య నేర్పిన గృహిణులు ఆ కథలో కనుమరుగవుతారు.

పరిరక్షణ గురించి ఆలోచించే అధికారులు, సాంస్కృతిక సంస్థలు గమనించవలసినది ఇదే. ఎంత పాతదన్న ప్రశ్నకు ఎంత శ్రద్ధ చూపుతామో, ఎవరు చేస్తున్నారు, ఏ ఆకు వాడుతున్నారు, నిప్పు ఎంతసేపు ఉంచుతున్నారు అన్న ప్రశ్నలకు అంత శ్రద్ధా చూపాలి. సాలపత్రం స్థానంలో అల్యూమినియం తొడుగు, నిప్పుల స్థానంలో విద్యుత్తు వస్తున్న కాలమిది. ఆ మార్పు తప్పని చెప్పలేం. సుదర్శన్ సాహు చేసింది కూడా ఒక మార్పే. పాత పద్ధతి తెలిసిన చేతులు ఉండగానే దానిని నమోదు చేసుకుంటే, రేపటి చరిత్రకారుడు కట్టుకథలపై ఆధారపడనక్కరలేదు.

దుకాణంలో ఛెనాపోడ కోసేటప్పుడు అంచు ముక్కను అడిగి తీసుకునేవారు ఉంటారు. అన్నిటికంటె ఎక్కువగా కాలినది, ఆకు వాసన బాగా పట్టినది ఆ ముక్కే.