డిస్క్ ఇమేజ్

సీడీ, డీవీడీ, పెన్ డ్రైవ్, హార్డ్ డిస్క్ వంటి వాటిలో ఉన్నదంతా ఉన్న వరుసలోనే ఒకే ఫైలుగా నిలిపిన నకలు డిస్క్ ఇమేజ్. జిప్ ఫైలులో ఉండేవి ఫైళ్లూ ఫోల్డర్లే. ఇమేజ్‌లో వాటితోపాటు, డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. బూట్ అయ్యే డిస్కు అయితే, కంప్యూటర్‌ను మేల్కొలిపే చిన్న ప్రోగ్రామూ యథాస్థానంలో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఎక్కువగా ఈ రూపంలో పంపిణీ చేయడానికి కారణం ఇదే.

నిర్మాణం

1988లో సీడీల కోసం వెలువడిన ఐఎస్ఓ 9660 ప్రమాణం నుంచే, సీడీ, డీవీడీల ఇమేజ్‌లైన ఐఎస్ఓ ఫైళ్లకు ఆ పేరు వచ్చింది. ఇందులో సమాచారం 2,048 బైట్ల సెక్టార్లుగా ఉంటుంది. మొదటి 16 సెక్టార్లను, అంటే 32 కిలోబైట్లను, ప్రమాణం వాడకుండా వదిలేసింది. వాటి తర్వాతి సెక్టారులో ‘సీడీ001’ అనే గుర్తు, మూల ఫోల్డరు జాడ ఉంటాయి. తొలి స్థాయిలో ఫైలు పేరుకు 8 అక్షరాలు, దాని తోకకు 3 అక్షరాలే అనుమతి. మైక్రోసాఫ్ట్ జతచేసిన జోలియట్ పద్ధతి యూనికోడ్‌ను తెచ్చాక తెలుగు లిపిలోనూ పేర్లు పెట్టడం సాధ్యమైంది.

మౌంట్ చేయడం

ఇమేజ్‌ను మౌంట్ చేస్తే, డ్రైవులో నిజంగా డిస్కు పెట్టినట్టే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చూపుతుంది. ఏదైనా ప్రోగ్రాము 100వ సెక్టారు అడిగితే, ఆ సంఖ్యను 2,048తో హెచ్చించి, ఫైలులో ఆ చోటు నుంచి చదివి ఇస్తుంది. విండోస్ 8 నుంచి ఇందుకు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లినక్స్‌లో ఈ పని లూప్ డివైస్ చేస్తుంది. మ్యాక్‌లో యాప్ డీఎంజీ ఇమేజ్‌గా వస్తే, దాన్ని తెరిచి, అందులోని యాప్‌ను అప్లికేషన్స్ ఫోల్డరులోకి లాగాలి. లాగకుండా ఇమేజ్‌లోంచే నడిపితే, ఎజెక్ట్ చేయగానే యాప్ కూడా కనిపించకుండా పోతుంది.

బూట్ చేయడం

సీడీ నుంచి బూట్ అయ్యే పద్ధతిని 1995లో వచ్చిన ఎల్ టోరిటో నిర్దేశం స్థిరపరిచింది. ఐఎస్ఓ ఫైలును పెన్ డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే సాధారణంగా బూట్ కాదు. కంప్యూటర్ బూట్ ప్రోగ్రాము కోసం పెన్ డ్రైవ్‌లో నిర్ణీత చోట్ల వెతుకుతుంది; ఇక్కడ అది ఒక ఫైలు లోపల మూతపడి ఉంది. అందుకే రూఫస్, బలేనా ఎచర్, లినక్స్‌లోని డీడీ వంటి సాధనాలు వాడతారు. చాలా లినక్స్ ఇమేజ్‌లలో, ప్రమాణం వదిలేసిన ఆ 16 సెక్టార్లలోనే పెన్ డ్రైవ్‌కు కావలసిన పార్టిషన్ పట్టిక పెడతారు. దాంతో ఒకే ఇమేజ్ డిస్కుకూ పెన్ డ్రైవ్‌కూ పనికొస్తుంది. ఇలా రాసినప్పుడు పెన్ డ్రైవ్‌లోని పాత ఫైళ్లు పోతాయి.

సరిచూసుకోవడం

డౌన్‌లోడ్‌లో ఒక్క బిట్ మారినా ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగిపోవచ్చు. అందుకని పంపిణీదారులు ఇమేజ్‌తోపాటు ఎస్‌హెచ్‌ఏ-256 విలువను ప్రకటిస్తారు. 64 హెక్సాడెసిమల్ అంకెలున్న ఆ విలువ, దిగిన ఫైలు నుంచి లెక్కించినదానితో సరిపోవాలి. ఇమేజ్‌నూ ఆ విలువనూ కూడా ఎవరైనా మార్చి పెడితే ఈ పరీక్షకు దొరకదు. దాన్ని పట్టిచ్చేది డిజిటల్ సంతకం.