లెక్కల మాత్ర, నెలవంకల మాత్ర

1937 నవంబరులో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ సంచికలో చిన్న వ్యాసం ఒకటి వెలువడింది. రచయిత చార్లెస్ బ్రాడ్లీ. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఈస్ట్ ప్రావిడెన్స్‌లో, ప్రవర్తన అదుపు తప్పిన పిల్లల కోసం నెలకొల్పిన ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ హోమ్‌లో ఆయన వైద్యుడు. ఎమ్మా ఆయన బంధువుల పిల్లే. ఏడేళ్ల వయసులో మెదడువాపు సోకి, ఆపైన మామూలు జీవితానికి నోచుకోలేదు. అలాంటి పిల్లలకు నీడ దొరకాలని తండ్రి తన సంపదను రాసిపెట్టగా, 1931లో ఆ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి.

ఆ రోజుల్లో మెదడు ఆకృతిని చూడాలంటే వెన్నులోంచి ద్రవం తీసి, ఆ చోటికి గాలి పంపి, ఎక్స్‌రే తీసేవారు. పరీక్ష అయ్యాక పిల్లలు తలనొప్పితో అల్లాడిపోయేవారు. బెంజెడ్రిన్ అనే ఆంఫెటమిన్ మాత్ర ఇస్తే ద్రవం త్వరగా ఊరి నొప్పి తగ్గుతుందేమోనని బ్రాడ్లీ ఆశించాడు. నొప్పి సంగతి అలా ఉంచితే, తరగతి గదిలో మరో వింత కనిపించింది. నిలకడగా కూర్చోలేని పిల్లలు పుస్తకం ముందు కూర్చున్నారు. వెంటనే ఆయన 30 మంది పిల్లలకు వారం రోజులు ఆ మందు ఇచ్చి గమనించాడు. 14 మంది చదువులో ఆశ్చర్యకరమైన మార్పు వచ్చింది. మందు ఆపగానే ఆ మార్పూ మాయమైంది. పిల్లలు దానికి ‘లెక్కల మాత్ర’ అని పేరు పెట్టుకున్నారు. వైద్యులు పెట్టే పేర్ల కంటే ఇది ఎంతో నయం.

ఉత్తేజపరిచే మందు చంచలమైన పిల్లవాణ్ణి శాంతపరచడం నాటివారికి పొడుపుకథలా తోచింది. దాంతో ఒక అపోహ బలపడింది: మందు పనిచేస్తే జబ్బు ఉన్నట్టే. దీన్ని 1978లో జుడిత్ రాపొపోర్ట్ బృందం పరీక్షకు పెట్టింది. ఏ సమస్యా లేని 14 మంది బాలురకు ఒక్క మోతాదు డెక్స్‌ట్రోఆంఫెటమిన్ ఇచ్చి చూస్తే, వాళ్ల కదలికలూ తగ్గాయి, ఏకాగ్రతా పెరిగింది. మాత్ర వేసుకుంటే మార్కులు పెరిగాయి కాబట్టి మా వాడికి ఏడీహెచ్‌డీయే అని వాదించే తల్లిదండ్రులకు నేటికీ చెప్పవలసిన జవాబు ఈ ప్రయోగంలోనే ఉంది. పరీక్షల ముందు స్నేహితుడి మాత్ర అడిగి పుచ్చుకునే ఇంటర్ విద్యార్థికి కూడా అదే జవాబు.

ఇక రిటాలిన్ కథ. 1944లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, సీబా కంపెనీ రసాయనవేత్త లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేశాడు. భార్య మార్గరీట్ ముద్దుపేరు రీటా. టెన్నిస్ ఆటకు ముందు ఆవిడ దాన్ని వేసుకునేదని చెబుతారు. మందుకు ఆవిడ పేరే నిలిచింది. 1950ల నడుమ అంగడికి వచ్చిన ఈ మందును 1963లో కీత్ కానర్స్, లియాన్ ఐసెన్‌బర్గ్ పిల్లలపై క్రమపద్ధతిలో పరీక్షించారు. 1970లో ఒమాహా నగరపు బడిపిల్లల్లో ఎందరికో ఈ మందులు ఇస్తున్నారని పత్రికల్లో రాగానే అమెరికాలో గగ్గోలు పుట్టింది. మరుసటి సంవత్సరం ఐక్యరాజ్యసమితి మనోప్రభావక పదార్థాల ఒడంబడికలో ఆంఫెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ రెండూ రెండో జాబితాలో చేరాయి. భారతదేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో మిథైల్‌ఫెనిడేట్ కనిపించడానికి మూలం ఇదే.

గల్ఫ్‌కు ఈ చరిత్రలో సొంత అధ్యాయం ఒకటి ఉంది. 1961లో జర్మనీలోని డెగుస్సా సంస్థ ఫెనిథిలిన్ అనే మందును తయారుచేసింది. ఒంట్లోకి వెళ్లాక అది ఆంఫెటమిన్‌గానూ థియోఫిలిన్‌గానూ విడిపోతుంది. ఆంఫెటమిన్ కంటే సౌమ్యమైనదన్న నమ్మకంతో సుమారు పాతికేళ్లు దాన్ని అతిచురుకు పిల్లలకూ ఇచ్చారు. దాని వాణిజ్య నామం క్యాప్టగాన్. 1986లో అదీ అంతర్జాతీయ జాబితాకెక్కింది. అసలు మందు అంగడి నుంచి తప్పుకుంది. పేరు మాత్రం దొంగసరుకు మీద బతికింది. రెండు నెలవంకల గుర్తు వల్ల అరబ్బులు దాన్ని అబూ హిలాలైన్ అంటారు. నేటి నకిలీ మాత్రల్లో చాలావాటిలో ఫెనిథిలిన్ లేదు, ఆంఫెటమినే ఉంటుంది. 2023 సెప్టెంబరులో తలుపుల్లో, అలంకరణ పలకల్లో దాచి తెచ్చిన 8 కోట్ల 60 లక్షల మాత్రలను, అంటే 13 టన్నులకు పైగా సరుకును, దుబాయ్ పోలీసులు పట్టుకున్నారు.

ఆ దుబాయ్‌లోనే హైదరాబాదు నుంచి ఒక తెలుగు కుటుంబం దిగుతుంది. పెట్టెలో ఆవకాయ, కందిపొడి, పిల్లవాడి మిథైల్‌ఫెనిడేట్. అది మందే, వైద్యుడు రాసిచ్చిందే. అయితే ఆంఫెటమిన్ తరగతి పదార్థాలతో పోరాడుతున్న దేశానికి అది ముందు నియంత్రిత ఔషధం, తర్వాతే పిల్లవాడి మాత్ర. 1995 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన యూఏఈ మాదకద్రవ్యాల చట్టం కొన్ని విషయాల్లో కాస్త మెత్తబడినా, ప్రయాణికుడు అక్కడి అధికారుల నుంచి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి తీసుకోవాలన్న నియమం అలాగే ఉంది. వైద్యుడి చీటీ, జబ్బు వివరాల నివేదిక చేతిలో ఉండాలి. “మా అక్కయ్యగారి అబ్బాయికి ఈ పొట్లం అందించండి బాబూ” అని విమానం ఎక్కేవారి చేతిలో పెట్టడం మనవాళ్లకు మర్యాద. ఈ మందు విషయంలో ఆ మర్యాద అవతలివాడి మెడకు చుట్టుకోగలదు.

కాగితాల గొడవ దాటినా భద్రత ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ మందులు ఎదుగుదలను కుంటుపరుస్తాయన్న అనుమానాన్ని 1972లోనే డానియల్ సేఫర్ బృందం లేవనెత్తింది. 2005లో హఠాన్మరణాల నివేదికలు చూసి కెనడా ఒక ఆంఫెటమిన్ మందు అమ్మకాన్ని నిలిపివేసి, కొన్ని నెలలకు మళ్లీ అనుమతించింది. 2011లో 12 లక్షల మంది పిల్లల, యువకుల వివరాలు పరిశీలించిన అమెరికా అధ్యయనంలో గుండె ప్రమాదం పెరిగిన దాఖలా కనబడలేదు. అయినా కుటుంబంలో చిన్న వయసు హఠాన్మరణాలు ఉన్నాయా అని అడగకుండా మందు మొదలుపెట్టడం తప్పే. బడి నుంచి అన్నం డబ్బా ముట్టకుండా తిరిగి వస్తోందా, నిద్ర ఎలా ఉంది, ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు ఎంత అన్నవి ఎప్పటికప్పుడు చూడాలి. దీర్ఘకాలం పనిచేసే మాత్రను నలిపి పెరుగన్నంలో కలిపితే గంటల కొద్దీ మెల్లగా అందవలసిన మోతాదు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

1999లో 579 మంది పిల్లలపై 14 నెలలు సాగిన ఎంటీఏ అధ్యయనం గురించి మాట్లాడేవారంతా మందు గెలిచిందా, శిక్షణ గెలిచిందా అనే అడుగుతారు. అందులో అంతకంటే విలువైన సంగతి మరొకటుంది. బయటి వైద్యుల దగ్గరికి వెళ్లిన పిల్లల్లో ఎక్కువమంది కూడా ఇలాంటి మందులే వాడారు. కానీ నెలనెలా పిలిచి, బడిలో పంతులమ్మ ఏమంటోందో అడిగి, మోతాదు సరిదిద్దిన పిల్లలే బాగా మెరుగయ్యారు. దేశం మారిన కుటుంబానికి మొదట తెగిపోయేది ఈ నెలవారీ చూపే. హైదరాబాదు వైద్యుడు దూరమై, దుబాయ్ వైద్యుడు ఇంకా దొరకక, ఆరు నెలల క్రితం నిర్ణయించిన మోతాదే ఇప్పుడు ఎత్తు పెరిగిన పిల్లవాడికి నడుస్తూ ఉంటుంది. అందుకే పెట్టెలో మాత్రల సీసాతో పాటు ఎత్తు బరువుల పట్టిక, చివరిసారి చూసిన రక్తపోటు, మోతాదు ఎప్పుడు ఎందుకు మార్చారన్న చీటీ కూడా రావాలి. కొత్త వైద్యుడు మొదట అడిగేవి అవే.