దస్తావేజులో లేని పేరు

ఇల్లు అమ్మడం, కొనడం వ్యవహారమే గాని సాహిత్య పత్రికలో చర్చించదగిన విషయం కాదని కొందరు మిత్రులు అనవచ్చు. దస్తావేజును కూడా ఒక రచనగా చూడాలని నా అభిప్రాయం. అందులో రాయించేవాడు ఉంటాడు, రాసేవాడు ఉంటాడు, సాక్షులు ఉంటారు. ఎవరి పేరు చేర్చాలి, ఎవరి పేరు వదలాలి అన్న నిర్ణయం ఉంటుంది. ఒక సమాజపు ఆస్తి సంబంధాలు ఆ నిర్ణయంలోనే బయటపడతాయి. ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. 1974లో ఏటికొప్పాకలో మా తాత ఇంటి అమ్మకం కాగితం రాసినవాణ్ణి నేనే.

వరాహనది ఒడ్డున ఉన్న ఈ ఊరు లక్క బొమ్మలకు ప్రసిద్ధి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా తాత అంకుడు కర్ర చెక్కి, ఆ సంపాదనతోనే మట్టిగోడల ఇల్లు కట్టాడు. 1969లో పోయాడు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. ఆ కూతురు, మా మేనత్త, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పసిబిడ్డతో పుట్టింటికి వచ్చింది. తాత చెక్కుతుంటే తాడు లాగింది అత్తే. ఆ ఇంట్లో ఆమె చెమట ఎంతో, ముగ్గురు అన్నదమ్ముల చెమట ఎంతో కొలిచినవారు లేరు.

ఇల్లు అమ్మేనాటికి నేను పదో తరగతి పాసయినవాణ్ణి. పెద్దలు చెప్పినట్టు తెల్లకాగితం మీద రాశాను: తండ్రిగారి వారసులం మేము ముగ్గురమే, సొమ్ము ముట్టింది, ఇల్లు స్వాధీనం చేశాము. కింద రాసినవాడిగా నా సంతకం. గుమ్మం దగ్గర కూర్చున్న అత్త అడిగింది: "నా పేరు ఎక్కడ రాసినావురా బాబూ?" అవసరం లేదన్నారని చెప్పాను. ఆమె మరి మాట్లాడలేదు.

అవసరం లేదని చెప్పినది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెదికితే వలసపాలన దాకా పోవాలి. స్థిరాస్తి అమ్మకాలకు నేటికీ ఆధారమైన ఆస్తి బదిలీ చట్టం 1882లో వచ్చింది. సరిగ్గా ఆ ఏడే ఇంగ్లండులో వివాహిత స్త్రీలు తమ పేరిట ఆస్తి కలిగి ఉండవచ్చునని పార్లమెంటు చట్టం చేసింది. తన దేశంలో స్త్రీకి ఆ హక్కు ఇచ్చిన పాలకవర్గం ఇక్కడ అమ్మకం పద్ధతిని మాత్రమే చట్టం చేసి, వారసత్వాన్ని శాస్త్రాలకూ ఆచారాలకూ వదిలేసింది. ఆస్తి చేతులు మారడం దానికి కావాలి. ఎవరి చేతిలోంచి మారుతున్నదన్నది దానికి పట్టలేదు.

ఆ చట్టం 54వ సెక్షనును మరొకసారి చదవాలి. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి రిజిస్టరు దస్తావేజు ద్వారానే అమ్ముడుపోతుంది. అంతకు తక్కువదైతే స్వాధీనం చేస్తే చాలు. 1882లో నూరు రూపాయలు పేదవాడి ఇంటికి అందని విలువ. అంటే చట్టం మేడలకు దస్తావేజు విధించి, గుడిసెలను నోటిమాటకు వదిలింది. రూపాయి విలువ పడిపోయి ప్రతి గుడిసే ఆ గీత దాటింది. పేదవాడి అలవాటు మాత్రం గీతకు ఇవతలే నిలిచిపోయింది. మన ఊళ్ళలో తెల్లకాగితాలు పుట్టుకువచ్చింది అజ్ఞానం వల్ల మాత్రమే కాదు, స్టాంపు ఖర్చు వల్ల మాత్రమే కాదు; ఈ చరిత్ర వల్ల కూడా.

పల్లెల్లో మరో చిక్కు ఉంది. ఇళ్ళున్న స్థలం గ్రామకంఠం. పొలానికి ఉన్నట్టు ఇంటింటికీ విడిగా సర్వే నంబరు, పట్టా ఉండేవి కావు. పంచాయతీ ఇంటిపన్ను రసీదే ఆధారమనుకునేవారు. పన్ను కట్టినట్టు చెప్పే రసీదు హక్కు ఉన్నట్టు చెప్పదు. రిజిస్ట్రేషను సైతం దస్తావేజుకే గాని హక్కుకు హామీ కాదు. ఇంగ్లండులో 1862లో భూమి రిజిస్ట్రీ ఏర్పడి, కాలక్రమేణా హక్కుకే ప్రభుత్వం పూచీపడే పద్ధతి స్థిరపడింది. మన రాష్ట్రంలో ఆ దారిలో వచ్చిన భూ హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమలులోకి వచ్చింది. సివిలు కోర్టుల పాత్రను అధికారులకు అప్పగిస్తున్నదన్న విమర్శల మధ్య 2024లో రద్దయింది. కనుక ఇక్కడ కొనేవాడు నేటికీ పాత దస్తావేజులు, రిజిస్ట్రారు కచేరీ ఇచ్చే ఇ.సి. తిరగేసి, అమ్మేవాడి వారసులెందరో విచారించుకోవలసిందే. రిజిస్టరు కాని కాగితం ఇ.సి.లో కనబడదు. కాగితమే లేని మనిషి సంగతి చెప్పనక్కరలేదు.

అదే 1862లో మా పొరుగున ఉన్న ఎస్. రాయవరంలో గురజాడ పుట్టారు. 'కన్యాశుల్కం' ఆడపిల్లల అమ్మకం మీద రాసిన నాటకమని అందరూ అంటారు. అది కోర్టు వ్యవహారాల, దొంగసాక్ష్యాల నాటకం కూడా. ఆడది సరుకు కావడమూ, న్యాయం సరుకు కావడమూ ఒకే సంత రెండు దుకాణాలని ఆయన గ్రహించారు. నేను ఆ నాటకం ఎన్నోసార్లు చదివాను. నా చేతిరాత నాకు గుర్తుకు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఎందుకంటే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తాత స్వార్జితంలో అత్తకు నాలుగో వంతు ఉంది. మగపిల్లలతో సమానంగా. అయితే అదే చట్టం 23వ సెక్షనులో ఒక మెలిక పెట్టింది: కుటుంబం నివసించే ఇంటిని మగవారసులు పంచుకోదలచే దాకా ఆడవారసులు పంపకం కోరరాదు. విధవ కూతురు ఆ ఇంట్లో ఉండవచ్చు, అంతే. హక్కు ఇచ్చి తాళంచెవి అన్నదమ్ముల చేతికిచ్చిన సెక్షను అది. 2005 సవరణలో దాన్ని తీసివేశారు. కాని ఆ మెలిక సైతం ఆమె వాటాను అమ్ముకొమ్మని అన్నదమ్ములకు చెప్పలేదు. ఆ రోజు ఆమె సంతకం కావలసిందే. లేకపోతే అమ్ముడుపోయింది మూడు వంతులే.

పోయిన ఏడాది ఆ ఇల్లు కొన్నవారి మనుమడు నన్ను వెదుక్కుంటూ వచ్చాడు. ఇల్లు కట్టుకోవడానికి అప్పు కావాలి, రిజిస్టరు దస్తావేజు లేనిదే ఇవ్వరన్నారట. 2001కి ముందు రాసిన కాగితం కనుక, రిజిస్టరు కాకపోయినా 53ఎ సెక్షను అతని స్వాధీనాన్ని కాపాడుతుంది; హక్కును మాత్రం ఇవ్వదు. అన్నదమ్ముల పిల్లలం సంతకాలు పెడితే తలా కొంత ఇస్తానన్నాడు. అతను తెచ్చిన ముసాయిదాలో నా 1974 వాక్యమే ఉంది: వారసులం మేము ముగ్గురమే.

అత్త పోయి చాలాకాలమయింది. ఆమె కూతురు అనకాపల్లిలో కుట్టుపని చేసుకుని బతుకుతున్నది. దావా వేసే గడువు ఎప్పుడో దాటిపోయిందనీ, ఆమెను కలపకపోతే నష్టమేమీ లేదనీ ఒక వకీలు మిత్రుడు చెప్పాడు. కాలపరిమితి దావాను చంపుతుంది గాని, అబద్ధాన్ని నిజం చేయదు. ఆమె పేరు చేర్చి, నాలుగో వంతు ఆమెకు ఇస్తేనే సంతకం పెడతానన్నాను. మా వాళ్ళు కొందరు నాతో మాటలు మానేశారు. పాపం, ఆ కుర్రవాడి తప్పేమీ లేదు; అతని తాత మా మాట నమ్మి సొమ్ము ఇచ్చాడు. మేము చేసిన దానికి అతను ఆగవలసి వస్తున్నది. ఆ బాధ నాకుంది.

చట్టాలు మారినంత మాత్రాన కాగితాలు మారవని ఈ అనుభవం నాకు నేర్పింది. ఈనాటికీ పల్లెల్లో ఆడపిల్ల చేత సంతకం పెట్టించడమంటే హక్కు వదులుకున్నట్టు రాయించుకోవడమే. ఇల్లు కొనేవారు హద్దులు చూస్తారు, అప్పులు చూస్తారు. ఈ ఇంట్లో ఆడపిల్లలెందరని కూడా అడగాలి. రాసేవాళ్ళు మరింత గట్టిగా అడగాలి, కలం వాళ్ళ చేతిలో ఉంది కనుక.

ముసాయిదా నా బల్ల మీదే ఉంది. 'కుమారులు ముగ్గురు' అన్నచోట కొట్టివేసి, 'కుమారులు ముగ్గురు, కుమార్తె ఒకరు' అని రాశాను. సంతకాల చోటు ఇంకా ఖాళీగానే ఉంది.