లూపుల నివారణ: ఒక చెట్టు నుంచి అనేక చెట్ల దాకా

శ్రీరాంపూర్ భూగర్భ గనుల గురించి మీరు వినే ఉంటారు. మీలో కొందరి ఇళ్ల నుంచి రోజూ ఎవరో ఒకరు బాయికి దిగుతుండవచ్చు కూడా. అక్కడ లోపలికి వెళ్లే గాలి దారికీ, తిరిగి వచ్చే గాలి దారికీ మధ్య ఉన్న అడ్డదారులకు తలుపులు పెట్టి మూసి ఉంచుతారు. అవి తెరిచి ఉంటే గాలి పనిస్థలానికి చేరకుండానే దగ్గరి దారిన వెనక్కి మళ్లుతుంది. దారి ఉండాలి, కానీ మూసి ఉండాలి. 1980లలో కంప్యూటర్ నెట్‌వర్కులు కట్టినవారికి ఎదురైన చిక్కు ఇలాంటిదే.

రెండు స్విచ్‌లను (అప్పట్లో వీటిని బ్రిడ్జిలు అనేవారు) రెండు వైర్లతో కలిపారనుకోండి. ఒకటి తెగితే రెండోది ఆదుకుంటుంది. అయితే అందరికీ ఉద్దేశించిన సందేశం ఒక వైరు మీదుగా వెళ్లి రెండో వైరు మీదుగా తిరిగి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. ఇంటర్నెట్ ప్యాకెట్‌లో రూటరు దాటినప్పుడల్లా తగ్గే ఒక సంఖ్య ఉంటుంది. అది సున్నా అయితే ప్యాకెట్‌ను పారేస్తారు. ఈథర్‌నెట్ ఫ్రేములో అలాంటి లెక్క లేదు. అందుకే ఫ్రేములు ఆగకుండా తిరుగుతాయి, కొత్తవి వచ్చి చేరుతుంటాయి, కొద్ది సెకన్లలోనే నెట్‌వర్క్ స్తంభిస్తుంది. గని పోలిక ఇంతవరకే పనికొస్తుంది. గాలి దారి మాత్రమే తప్పుతుంది, ఫ్రేముల్లా పెరిగిపోదు.

దీనికి పరిష్కారం చూపినవారు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్. 1985లో ఆమె ప్రచురించిన పద్ధతిలో పైనుంచి ఆజ్ఞాపించే యంత్రం ఏదీ ఉండదు. స్విచ్‌లు చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకుని, అతి తక్కువ గుర్తింపు సంఖ్య ఉన్నదాన్ని మూలంగా ఎంచుకుంటాయి. ప్రతి స్విచ్ మూలానికి చేరే చౌక దారిని ఉంచుకుంటుంది. లూపుకు కారణమయ్యే మిగతా దారులు మూతపడతాయి. అన్నిటినీ కలుపుతూ ఎక్కడా చుట్టు లేని ఈ అమరికే స్పానింగ్ ట్రీ. చెట్టు ఆలోచన పాతదే. 1926లో ఒటాకర్ బోరూవ్కా మొరావియాలో విద్యుత్ లైన్లను తక్కువ ఖర్చుతో వేయడానికి ఇలాంటి లెక్క కట్టాడు. పెర్ల్‌మన్ పద్ధతి 1990లో ఐఇఇఇ 802.1డి ప్రమాణమైంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. వైరు తెగితే కొత్త దారి తెరుచుకోవడానికి 50 సెకన్ల దాకా పట్టేది. చెట్టు లోతుకూ పరిమితి ఉండేది. ఆ పరిమితి దాటిన నెట్‌వర్క్ ఏమవుతుందో 2002 నవంబర్‌లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో తెలిసింది. రద్దీ పెరిగి స్పానింగ్ ట్రీ దెబ్బతినడంతో వైద్యులు, నర్సులు కొన్ని రోజులపాటు కాగితాల మీదే పని నడిపారు.

ఆలస్యం సంగతి 2001 నాటి వేగవంతమైన రూపంతో చాలావరకు తీరింది. మిగిలిన ఇబ్బంది డబ్బుది. కొని వేసిన రెండో వైరు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. నెట్‌వర్క్‌ను వీలాన్లుగా విడదీశాక కొందరు తయారీదారులు వీలాన్‌కు ఒక చెట్టు చొప్పున నడిపారు. వందల వీలాన్లుంటే స్విచ్‌కు వందల లెక్కలు! నా దృష్టిలో అసలు తెలివి 2002లో వచ్చిన 802.1ఎస్‌లో ఉంది. అందులో వీలాన్లను కొన్ని గుంపులుగా చేసి గుంపుకొక చెట్టు ఇస్తారు. ఉదాహరణకు 10, 20 వీలాన్లు మొదటి చెట్టులో, 30, 40 రెండో చెట్టులో ఉన్నాయనుకోండి. మొదటి చెట్టు మూసిన వైరును రెండోది వాడుకుంటుంది. రెండు వైర్లూ పని చేస్తాయి, ఏ చెట్టులోనూ లూపు ఉండదు.

ఇందుకు ఒక ప్రాంతంలోని స్విచ్‌లన్నిటిలో ప్రాంతం పేరు, సవరణ సంఖ్య, గుంపుల పట్టిక ఒకేలా ఉండాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ స్విచ్‌ను వేరే ప్రాంతానిదిగా లెక్కిస్తారు. దానికీ మిగతావాటికీ మధ్య మళ్లీ ఒకే చెట్టు నడుస్తుంది, రెండో వైరు మళ్లీ ఖాళీగా పడి ఉంటుంది.